వైద్య విద్య డైరెక్టర్ గారికి: మీ వైద్య విద్యార్థుల్ని ఒక వారం మా ల్యాబులో కూర్చోబెట్టండి

నమస్కారమండీ. హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రి ల్యాబులో 16 ఏళ్లుగా టెక్నీషియన్‌ని. గత నెల రాత్రి డ్యూటీలో ఒక పెద్దాయనకు రక్తంలో పొటాషియం 6.8 వచ్చింది, అంటే గుండెకు ప్రమాదమయ్యేంత ఎక్కువ. వాళ్లబ్బాయికి ఒకటే టెన్షన్, హౌస్ సర్జన్ (శిక్షణలో ఉన్న డాక్టరమ్మ) అప్పటికే ఇంజెక్షన్ సిద్ధం చేస్తున్నారు. ట్యూబు చూశాను. సీరం, అంటే రక్తం గడ్డకట్టాక పైన తేలే ద్రవం, లేత పసుపుగా ఉండాల్సింది ఎర్రగా ఉంది. రక్తం తీసేటప్పుడు కణాలు పగిలితే వాటిలోని పొటాషియం బయటికొచ్చి అంకె పెరుగుతుంది, మళ్లీ తీయండమ్మా అన్నాను. రెండోసారి 4.3, నార్మలే.

ఆ డాక్టరమ్మను తప్పు పట్టను. అలాంటి ట్యూబు ఆమెకు ఎవరూ చేతికిచ్చి చూపించలేదు.

ఇంకో సమస్య, అవసరం లేకపోయినా టెస్టులు రాయడం. నార్మల్ రేంజ్ అంటే మామూలుగా ఆరోగ్యవంతుల్లో 95 శాతం మంది ఉండే హద్దు, అంతే. ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 టెస్టులు రాస్తే ఏ జబ్బూ లేని మనిషికి కూడా ఒక్కటైనా తేడాగా వచ్చే అవకాశం 64 శాతం. ఆ తేడా చూసి సీటీ స్కాన్ రాస్తారు. కడుపు సీటీ ఒక్కటే పదుల నుంచి వందల కొద్దీ ఛాతీ ఎక్స్‌రేలంత రేడియేషన్, పైగా కూలి చేసుకునేవాళ్లకు ఆ డబ్బు అప్పే.

ఒక వారం ల్యాబులో, ఒక వారం రేడియాలజీలో కూర్చోబెట్టండి. ఈ రిపోర్టు వస్తే నా వైద్యం మారుతుందా అని టెస్టు రాసేముందు తమను తాము ప్రశ్నించుకోవడం నేర్పించండి. నేర్పడానికి మేం సిద్ధం, రాత్రి డ్యూటీ అయినా సరే.