తండ్రి పోయినవాడికి గ్రామర్ పాఠమా?

సంపాదకుల వారికి నమస్కారం.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైనవాణ్ణి. పోయిన నెలలో నా పాత విద్యార్థి ఒకడు ఫేస్‌బుక్‌లో ‘ఎస్టర్‌డే మై ఫాదర్ ఈజ్ ఎక్స్‌పైర్డ్’ అని పెట్టాడు. ఓదార్పు మాటల మధ్యలో ఒక మహానుభావుడి సవరణ: ‘ఈజ్ కాదు, హ్యాజ్’. దాని కింద వరసగా నవ్వు బొమ్మలు. సాయంత్రానికి కుర్రాడు ఆ పోస్టే తీసేశాడు. నేను ఫోన్ చేస్తే, ‘తెలుగులో పెట్టాల్సింది మాస్టారూ, నాదే తప్పు’ అన్నాడు.

ఇంతకీ ‘ఎస్టర్‌డే’ అన్నాక ‘హ్యాజ్’ కూడా కుదరదు. దిద్దినవాడిదీ తప్పే!

మీ యువత పేజీలో ‘తప్పుల ఇంగ్లీషు’ శీర్షిక కింద వారం వారం వెక్కిరింతగా వేస్తున్న జనం పోస్టులు చూసినప్పుడల్లా ఆ కుర్రాడే గుర్తొస్తున్నాడు. పేర్లు చెరిపే వేస్తున్నారు, నిజమే. కానీ రాసినవాడికి తన వాక్యం తెలియదా?

పోయిన వారం వేసినవాటిలో ‘ఐ యామ్ నాట్ అండర్‌స్టాండింగ్’ ఒకటి. అదేమీ ఆకాశంలోంచి ఊడిపడలేదు. ‘నాకు అర్థం కావడం లేదు’ అని మనసులో అనుకుని, అదే అచ్చులో పోసిన వాక్యం. ‘ఫ్యాన్ వేయి’ అనేవాడి నోట ‘పుట్ ద ఫ్యాన్’ వస్తుంది. ఇక ‘ఎ’, ‘ద’ల సంగతంటారా, అలాంటివి తెలుగులో లేనే లేవు. వాటిని ఎక్కడ పెట్టాలో ముప్పయ్యేళ్లు చెప్పిన నాకే ఇప్పటికీ ఒక్కోసారి తడబాటు. అనుకున్న తేదీకంటే ముందే పరీక్ష పెడితే ‘ప్రీపోన్’ అని రాసిన పిల్లలకు ఎర్రసిరాతో సున్నా చుట్టేవాణ్ణి. ఆ మాట ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులో ఉంది. ఆ మార్కులు తిరిగి ఎలా ఇచ్చుకోను?

‘ఓఎమ్‌జీ’ (ఓ మై గాడ్) లాంటి పొట్టి రాతలతో సెల్‌ఫోన్ పిల్లలు భాషను చెడగొట్టారనేది ఇంకో నింద. 1917లోనే బ్రిటిష్ నౌకాదళ అడ్మిరల్ ఫిషర్, చర్చిల్‌కు రాసిన ఉత్తరంలో ఆ ‘ఓఎమ్‌జీ’ ఉంది.

ఉద్యోగ దరఖాస్తులో ఇష్టమొచ్చినట్టు రాయొచ్చని నేననను. అక్కడ నేనిప్పటికీ చండశాసనుణ్ణే. కానీ వాట్సాప్ గ్రూపు పరీక్ష హాలు కాదు, అరుగు మీద కబుర్లలాంటిది. విచిత్రమేమంటే అవే గ్రూపుల్లో ‘ళ’ బదులు ‘ల’, ‘శ’ బదులు ‘స’ రాసినా కిక్కురుమనేవాడు ఉండడు. ఇంగ్లీషులో ఒక్క ‘ఈజ్’ జారితే మాత్రం అందరూ పండితులే. వీళ్లు కాపాడుతున్నది వ్యాకరణాన్ని కాదు, తమ హోదాని.

ఏటా ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పంతులుగారి పటానికి దండలు వేస్తున్నాం. గ్రాంథికమే రాయాలని పట్టుబట్టిన పండితుల రాతల్లోంచే వ్యాకరణ దోషాలు ఏరి చూపించిన మనిషి ఆయన. మన ‘హ్యాజ్’ మహానుభావుడు ఆయన కంటబడి ఉంటే ఏమయ్యేవాడో!

దయచేసి ఆ శీర్షిక ఆపండి. ఆ జాగా ఖాళీగా ఉంచలేమంటే, వారానికి ఒక్క వాక్యం తీసుకుని, అది తెలుగులోంచి అలా ఎందుకు వచ్చిందో, ఇంగ్లీషువాళ్లు ఎలా అంటారో వెక్కిరింత లేకుండా వేయండి. రాసిపెట్టమంటే నేను సిద్ధం. పారితోషికం అక్కర్లేదు.

– ఒక విశ్రాంత ఇంగ్లీషు ఉపాధ్యాయుడు, పార్వతీపురం