కొండ మీద వాళ్ళకి కూడా ఫ్యామిలీ డాక్టర్ కావాలి సార్

ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం,

విశాఖపట్నం నుంచి రాస్తున్నాను సార్. మా సిటీలో ఆస్పత్రులకేం తక్కువ లేదు, కేజీహెచ్ ఉంది, హనుమంతవాక దగ్గర విమ్స్ ఉంది, రామ్‌నగర్ వైపు వెళ్తే వరసపెట్టి ప్రైవేటువే. అవన్నీ కింద, మేం కొండవాలులో.

50 వేల జనాభాకి ఒక అర్బన్ హెల్త్ సెంటర్ అని లెక్క. మ్యాప్‌లో చూస్తే మాకూ దగ్గరే, మెట్లు మ్యాప్‌లో కనపడవు కదా. మా పక్కింటి మామ్మకి షుగరూ బీపీ రెండూ ఉన్నాయి, మోకాళ్ళు అరిగిపోయాయి, గోడ పట్టుకుని పక్కకి తిరిగి ఒక్కో మెట్టే దిగుతుంది, మధ్యలో ఎవరింటి అరుగు మీదో కూలబడి ఆయాసం తగ్గాక మళ్ళీ లేస్తుంది. ఓపీ చీటీ రాయించుకుని మాత్రలు తెచ్చుకోవడం ఒకెత్తు, ఆ ఎండలో తిరిగి పైకెక్కడం ఇంకో ఎత్తు. అందుకే మాత్రలు తొందరగా అయిపోకూడదని రోజు విడిచి రోజు వేసుకుంటుంది. కోడలు తెద్దామంటే ఆమె పని నుంచి వచ్చేసరికి ఓపీ మూసేస్తారు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి బస్సు ఫ్రీ చేశారు, చాలా సంతోషం, ఆ బస్సు ఎక్కడానికైనా ముందు రోడ్డు మీదకి రావాలి సార్.

పల్లెల్లో 2023 ఏప్రిల్ నుంచి ఫ్యామిలీ డాక్టర్ పద్ధతి పెట్టారు, పీహెచ్‌సీ డాక్టర్ 104 బండితో నెలకి రెండుసార్లు ఊళ్ళోకే రావాలి, మంచాన పడ్డవాళ్ళని ఇంటికెళ్ళి చూడాలి అని. ఏ ప్రభుత్వం తెచ్చిందనేది నాకనవసరం, ఆలోచన చాలా మంచిది. ఎప్పుడూ చూసే డాక్టరే అయితే మాత్రలు పడుతున్నాయా, కాళ్ళ వాపు తగ్గిందా అని ఆయనే అడుగుతాడు, మనం మొదట్నుంచీ చెప్పుకోనక్కర్లేదు. అలాంటి డాక్టర్ అందుబాటులో లేకే మావాళ్ళు జ్వరమొస్తే మెడికల్ షాపుకి, ఒళ్ళు నొప్పులైతే ఆర్‌ఎంపీ ఇంజక్షన్‌కి వెళ్తారు, షుగర్ ఉన్నవాళ్ళకి కాలి పుండు ముదిరాక పెద్దాస్పత్రికి మోసుకెళ్తారు.

మాకు బండి రాదని తెలుసు, బండి వద్దు సార్. నెలకి రెండు రోజులు ఒకే డాక్టరు, ఏఎన్ఎం పైకొచ్చి అంగన్‌వాడీలోనో గుడి దగ్గరో కూర్చుంటే చాలు, బీపీ మిషను, షుగర్ మిషను, మందుల సంచి ఉంటే సరిపోతుంది, తేదీ మాత్రం ముందే చెప్పండి. కూలి పనికెళ్ళేవాళ్ళ కోసం కింద సెంటర్లో వారానికి రెండ్రోజులైనా సాయంత్రం ఓపీ పెట్టించండి. ముందు ఒక్క కొండతో మొదలుపెట్టి చూడండి సార్, ఎవరింట్లో ఎవరికి బీపీ ఉందో మా ఆశా అక్కకి తెలుసు, ఆమెని అడిగితే చాలు.

ఇట్లు,
విశాఖ కొండవాలులో ఉండే ఒక పౌరురాలు