సెన్సర్ మార్చితే సరిపోదు

సంపాదకులకు నమస్కారం.

ఇంజిన్ శక్తి పెంచుతామంటూ టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పరికరం) ఉన్న పెట్రోలు కార్ల కంప్యూటర్‌లో ప్రోగ్రాము మార్చే పని, అంటే ట్యూనింగ్, మా నల్లగొండ దాకా వచ్చింది. మా అన్న కొడుకు అలా మార్పించుకున్న నెలకే చెక్ ఇంజిన్ లైటు వెలగగా, మెకానిక్ పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను పసిగట్టే ఆక్సిజన్ సెన్సర్‌ను రెండుసార్లు మార్చినా లైటు ఆరలేదు. చివరకు చిట్యాలలో లారీలు బాగుచేసే ఒక పెద్దాయన, చల్లారిన ఇంజిన్‌ను స్టార్టు చేయించి, సైలెన్సర్ గొట్టం అతుకు మీద సబ్బు నీళ్లు పోసి బుడగలు చూపించాడు. సెన్సర్‌కు ముందున్న ఆ సందులోంచి చొరబడిన గాలిని చూసి, ఇంధనం తక్కువైందనుకుని, కంప్యూటర్ అదనంగా పెట్రోలు పోస్తోందన్నమాట. పాపం, సెన్సర్‌ది ఏ తప్పూ లేదు!

ఇంధనం నిజంగానే తగ్గితే ప్రమాదం ఇంకా పెద్దది. ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండడానికి బరువులో 14.7 పాళ్ల గాలి కావాలి. ఇథనాల్ కలిస్తే ఈ లెక్క ఇంకా తగ్గుతుంది. టర్బో ఒత్తిడి మీద, వేడిని అదుపులో ఉంచడానికి, గాలిని 12 పాళ్ల దరిదాపులకు దించుతారు. మామూలు సెన్సర్ సుమారు 0.45 వోల్టుల గీతకు పైనుంటే ఇంధనం ఎక్కువ, కిందుంటే తక్కువ అని చెబుతుందే గాని, ఎంత తేడా ఉందో చెప్పలేదు. కనుక ఆ తేడాను అంకెల్లో చూపే వైడ్‌బ్యాండ్ సెన్సర్ పెట్టి, ఇంజిన్ బరువు లాగుతుండగా కొలవకుండా చేసే ట్యూనింగ్ చీకట్లో బాణమే. విజయవాడ రహదారిపై నిండు వేగంలో పిస్టన్ కరిగితే బాధ్యులెవరు? నిలబెట్టిన బండికి చేసే కాలుష్య పరీక్షలో ఇది బయటపడదు.

ట్యూనింగ్ చేసే గ్యారేజీలు ఈ కొలతల కాగితాన్ని యజమానికి తప్పనిసరిగా ఇచ్చేలా రవాణా శాఖ చూడాలని కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, నల్లగొండ