పిల్లల చేతి నక్షత్రం వంకరగానే ఇంటికి వస్తుంది

పిల్లలతో క్రిస్మస్ చెట్టు అలంకరణలు చేయించే మా తరగతులు ఈ డిసెంబరులోనూ ఉంటాయి. అయితే కొన్ని పద్ధతులు మార్చాం. వాటిలో ఒకటి రెండు కొందరికి నచ్చకపోవచ్చు. అందుకే మీరు పేర్లు నమోదు చేయించకముందే ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను.

అన్నిటికన్నా ముఖ్యమైనది ముందు. పిల్లలు చేసినదాన్ని ఇకపై మేము సరిదిద్దం. అంచులు కాస్త నునుపు చేసి, రంగు ఇంకో పూత వేసి ఇవ్వమని చాలామంది తల్లిదండ్రులు అడుగుతుంటారు. ఇంటికి వచ్చినవాళ్లకు చూపించుకునేలా ఉండాలన్న ఆశ సహజమే. కానీ తాను చేసినదేదో, పెద్దవాళ్లు దిద్దినదేదో పిల్లలకు ఇట్టే తెలిసిపోతుంది. ఐదేళ్ల పాప చేసిన నక్షత్రానికి ఒక కొమ్ము పొడుగ్గా సాగిందనుకోండి. అచ్చులోంచి తీసేటప్పుడు అది అంటుకున్నదీ, తాను ఊపిరి బిగబట్టి మెల్లగా లాగినదీ ఆ పాపకు గుర్తుంటాయి. మేము ఆ కొమ్మును కోసి సమం చేస్తే చెట్టుకు వేలాడేది మా నక్షత్రం అవుతుంది. ఎలా చేయాలో చూపిస్తాం, అడిగితే చేయి పట్టి నేర్పిస్తాం, అంతవరకే.

ఉప్పు పిండి బొమ్మలకు ఈసారి రెండు విడతలుగా రావాలి. ఒక్కరోజులో ఎందుకు అవదని అడిగేవారి కోసం పని మొత్తం చెబుతాను. 2 కప్పుల మైదాకు 1 కప్పు మెత్తటి ఉప్పు, కప్పుకు కొంచెం తక్కువగా నీళ్లు. నీళ్లు ఒక్కసారిగా గుమ్మరించకుండా కొద్దికొద్దిగా పోస్తూ, ముద్ద చేతికి అంటనంతవరకు బాగా పిసకాలి. పిల్లలకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే కాబట్టి ఇక్కడ తొందరపెట్టం. తరువాత అప్పడాల కర్రతో సుమారు 5 మిల్లీమీటర్ల మందాన ఒత్తాలి. పలుచనైతే విరుగుతుంది, మందమైతే లోపల తడి ఉండిపోతుంది. చిన్న చేతులకు మందం సమంగా రావడం కష్టం. అందుకని పిండికి రెండు పక్కలా అదే మందం ఉన్న చెక్క పట్టీలు పెట్టి, కర్ర వాటి మీదుగా దొర్లేలా చూస్తాం. కర్ర పట్టీలను తాకిందంటే ఇక ఒత్తనక్కర్లేదని నాలుగేళ్ల పిల్లలకు కూడా అర్థమవుతుంది. దారం కోసం పచ్చిగా ఉన్నప్పుడే స్ట్రాతో రంధ్రం చేయాలి. ఆ రంధ్రం అంచుకు మరీ దగ్గరగా ఉంటే వేలాడదీసినప్పుడు బొమ్మ ఊడి పడుతుంది.

అసలు సమయమంతా ఆరడానికే పడుతుంది. ఓవెన్‌లో 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర పెట్టినా రెండు మూడు గంటలు కావాలి. వేడి పెంచితే పిండి ఉబ్బి పగులుతుంది. గాలికి ఆరబెడితే తిప్పుతూ కొన్ని రోజులు ఉంచాలి. తడి మీద రంగు వేస్తే పెచ్చులుగా లేచిపోతుంది. కాబట్టి మొదటి విడతలో పిండి పని, రెండో విడతలో రంగులు. రంగు ఆరాక ముందూ వెనకా వార్నిష్ పూస్తాం, ఎందుకంటే ఉప్పు గాలిలోని తేమను పీల్చుకొని బొమ్మను మళ్లీ మెత్తబరుస్తుంది. ఇంట్లో కుక్క ఉంటే ఈ బొమ్మలు దానికి అందనంత ఎత్తున కట్టండి. వీటిలోని ఉప్పు కుక్కకు విషమవుతుంది. ఒకవేళ తింటే వెంటనే పశువైద్యుడికి చూపించాలి.

గ్లిట్టర్ మానేశాం. అది సన్నటి ప్లాస్టిక్ ముక్కల పొడి. చేతులు కడిగితే నీళ్లలో కలుస్తుంది, ఒకసారి కలిస్తే తిరిగి ఏరలేం. ఐరోపా సమాఖ్య విడి ప్లాస్టిక్ గ్లిట్టర్ అమ్మకాన్ని 2023 అక్టోబరు నుంచే నిషేధించింది. తళుకులు లేవని పిల్లలు మొదట చిన్నబుచ్చుకుంటారేమో. వారి కోసం పైన్ కాయలు తెస్తున్నాం. నీళ్లలో వేస్తే వాటి రేకులు ముడుచుకుంటాయి, ఆరితే మళ్లీ విచ్చుకుంటాయి. ప్రతి బల్ల మీద ఒక గిన్నెలో కాయను నానబెట్టి ఉంచుతాం, పిల్లలు పని మధ్యలో వచ్చి చూసుకోవచ్చు. ఆరి విచ్చుకున్న కాయలకు రేకుల చివర తెల్ల రంగు అద్ది, ఉన్ని దారం కడితే చాలు.

ఎనిమిదేళ్లు దాటినవారికి విడిగా కాగితపు నక్షత్రాల తరగతి ఉంది. మొరావియన్ నక్షత్రం అనే బహుకోణ నక్షత్రం 1830లలో జర్మనీలోని నీస్కీలో, మొరావియన్లు అనే క్రైస్తవ శాఖవారి బడిలో రేఖాగణిత పాఠంగా మొదలైంది. అన్ని కోణాలున్నది పిల్లలకు ఒక పూటలో అయ్యే పని కాదు, కాబట్టి ఐదు కొమ్ముల నక్షత్రం చేయిస్తాం. కొలిచి, గీసి, మడిచే పద్ధతి మాత్రం అదే. మడత ఒక్క మిల్లీమీటరు తప్పినా చివరి కొమ్ము అతకదు. అప్పుడు ఎక్కడ తప్పిందో వెతికే పనిని వారికే వదిలేస్తాం.

సీట్లు తగ్గించిన సంగతి కూడా దాచను. ప్రతి ఐదుగురు పిల్లలకు పెద్దవాళ్లు ఒకరు తప్పనిసరిగా ఉండాలి. సామగ్రికి అయ్యేది తక్కువే, మీరు కట్టే రుసుములో ఎక్కువ భాగం ఆ పెద్దల జీతాలకే వెళ్తుంది. పిల్లలను ఎక్కువగా కూర్చోబెడితే నాకు ఆదాయం పెరుగుతుంది, కానీ కత్తెరలు ఉన్న బల్ల దగ్గర అంతమందిని చూసుకోవడం కుదరదు. వేడి జిగురు తుపాకీని పిల్లల చేతికి ఇవ్వం, తక్కువ వేడి రకంలోనూ జిగురు 120 డిగ్రీల దాకా ఉంటుంది. మూడేళ్లలోపు పిల్లలను చేర్చుకోం. పూసలు, గుండీలు వారి గొంతులో ఇరుక్కునే ప్రమాదం ఉంది. అక్కనో అన్ననో దింపడానికి వచ్చేటప్పుడు చిన్నవాళ్లను తెచ్చినా, దయచేసి వారిని బల్లల దగ్గరకు పంపకండి.

రెండు విడతలకూ రాలేనివారు కాగితం తరగతిని గానీ, పైన్ కాయల తరగతిని గానీ ఎంచుకోండి, అవి ఒక్క పూటలోనే పూర్తవుతాయి. పిల్లలకు పాత బట్టలు వేసి పంపండి. బొమ్మ ఆరకముందే దాని వెనక పుల్లతో పేరు, సంవత్సరం వారిచేతే రాయిస్తాం. అక్షరం తిరగబడినా అలాగే ఉంచుతాం.