రబ్బరు దుప్పటిలో కాలం ఏది?

సంపాదకులకు,

ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతం గురించి మీ విజ్ఞాన పుటలో వచ్చిన వ్యాసం శ్రద్ధగా రాసినదే. అయితే గురుత్వాకర్షణ దగ్గరికి వచ్చేసరికి, లాగి కట్టిన రబ్బరు దుప్పటి మీద ఇనుప గుండు, దాని బరువుకు పడిన గుంటలోకి దొర్లే గోళీ అనే పాత బొమ్మతోనే, బరువైన వస్తువు చుట్టూ స్థలం ఇలాగే వంగుతుందని సరిపెట్టింది. గోళీ గుంటలోకి ఎందుకు దొర్లుతుందని తొమ్మిదో తరగతి పిల్లవాడు అడిగితే, భూమి లాగుతోంది కనుక అనే చెప్పాలి. అంటే దేన్ని వివరించబోయామో దాన్నే కారణంగా చూపించినట్టవుతుంది. అంతకన్నా పెద్ద లోపం, ఆ దుప్పటిలో స్థలమే తప్ప కాలం లేకపోవడం.

చేతిలోంచి జారిన వస్తువు కింద పడటానికి దాదాపు పూర్తి కారణం కాలంలోని వంపే, అంటే ఎత్తును బట్టి కాలం నడక మారడమే. నేలకు దగ్గరగా ఉన్న గడియారం, ఎత్తున ఉన్నదాని కన్నా నెమ్మదిగా నడుస్తుంది. పౌండ్, రెబ్కా అనే భౌతిక శాస్త్రవేత్తలు 1960లో హార్వర్డ్‌లో 22.5 మీటర్ల ఎత్తులోనే ఈ తేడాను గామా కిరణాలతో పట్టుకున్నారు. 2010లో అమెరికా శాస్త్రవేత్తల గడియారాలు 33 సెంటీమీటర్ల ఎత్తుకే దాన్ని చూపించాయి. ఇంత సూక్ష్మమైన తేడా రాయిని ఎలా పడేస్తుందన్న సందేహానికి జవాబు కాంతి వేగంలో ఉంది. స్థలకాలంలో, అంటే స్థలాన్నీ కాలాన్నీ ఒకటిగా కలిపి చూసే లెక్కలో, ఒక సెకను 3 లక్షల కిలోమీటర్లకు సమానం. 5 మీటర్లు పైకి ఎగరేసిన బంతి సుమారు 2 సెకన్లలో తిరిగి చేతికి వస్తుంది కనుక, కాలం దిశలో 6 లక్షల కిలోమీటర్లు సాగిన దారిలో అది పక్కకు తొలగినది 5 మీటర్లే. ఆ దారి స్థలకాలంలో ఏ బలమూ మళ్ళించని తిన్నని దారి. మళ్ళింపు ఉన్నది నేల పైకి నెడుతూ నిలబెట్టిన మనకే.

స్థలం వంపు లెక్కకు రావాలంటే కాంతిని చూడాలి. సూర్యుని పక్కగా వచ్చే నక్షత్ర కాంతి ఎంత వంగుతుందో 1911లో కాలాన్ని మాత్రమే లెక్కలోకి తీసుకుని చెప్పిన ఐన్‌స్టీన్, 1915లో స్థలం వంపునూ కలిపి దాదాపు రెట్టింపు విలువ, 1.7 ఆర్క్‌సెకన్లు (డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్‌సెకను), చెప్పారు. 1919 మే 29 సూర్యగ్రహణం నాటి ఫొటోలు రెండో విలువనే బలపరిచాయి. (మొదటి లెక్కను పరీక్షించే అవకాశం ముందే దొరికి ఉంటే ఆయన పేరు ఏమై ఉండేదో!)

జీపీఎస్ ఉపగ్రహాల గడియారాలు ఎత్తు వల్ల రోజుకు 45 మైక్రోసెకన్లు ముందుకు, వేగం వల్ల 7 వెనక్కి పోతాయి. మిగిలిన 38 మైక్రోసెకన్లను సరిచేయకపోతే, దూరం లెక్కలో రోజుకు 11 కిలోమీటర్ల దాకా తప్పు పేరుకుంటుంది. శ్రీహరికోట నుంచి వెళ్లిన మన నావిక్ (జీపీఎస్ లాంటి భారతీయ వ్యవస్థ) ఉపగ్రహాల రుబీడియం అణు గడియారాలకూ ఇలాంటి దిద్దుబాటు తప్పదు. ఈసారి ఈ విషయంపై వ్యాసం వేసేటప్పుడు దుప్పటి బొమ్మ బదులు, వేర్వేరు ఎత్తుల్లో ఉన్న రెండు గడియారాల బొమ్మ వేయించమని మనవి. దాన్ని అర్థం చేసుకోవడానికి గుణకారం వస్తే చాలు.

ఇట్లు,
ఒక విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు, కాకినాడ