లాస్ ఏంజెలెస్ కౌంటీ షెరీఫ్ రాబర్ట్ లూనా గారికి బహిరంగ లేఖ

అయ్యా,

మీ కౌంటీలో మన భారతీయుల దుకాణాలుండే ఆర్టీషియా ఊళ్లో, పయనీర్ బులెవార్డ్ మీద మిఠాయి కొట్ల ముందు తిరిగే గస్తీ కార్లు మీవే. ఆ ఊరికి సొంత పోలీసుల్లేరు; 1954లో లేక్‌వుడ్ అనే ఊరు మొదలుపెట్టిన పద్ధతిలో కౌంటీకి డబ్బు కట్టి మీ సేవలు తీసుకుంటుంది. అందుకే మీ శాఖ చరిత్ర మా తెలుగువాళ్లకూ పట్టాలి.

1850లో తొలి షెరీఫ్ జార్జ్ బరిల్. 1857లో దొంగల ముఠాను వెంటాడుతూ షెరీఫ్ జేమ్స్ బార్టన్ ప్రాణమే ఇచ్చాడు. అక్కణ్ణుంచి షెరీఫ్ లీ బాకా దాకా వస్తే తల దించుకోవాల్సిందే. 2011లో ఎఫ్‌బీఐకి ఉప్పందిస్తున్న ఖైదీని డిప్యూటీలు, అంటే షెరీఫ్ కింది పోలీసులు, మీ శాఖ నడిపే జైల్లోనే మారుపేర్లతో దాచేశారు! ఖైదీలను కొడుతున్నారన్న ఆరోపణల మీద ఎఫ్‌బీఐ చేస్తున్న దర్యాప్తుకు అడ్డుపడినందుకు 2017లో బాకాకు మూడేళ్ల శిక్ష పడింది.

మన దగ్గర ఎస్పీని ప్రభుత్వం రాత్రికి రాత్రి బదిలీ చేస్తుంది. మిమ్మల్ని ఓటర్లు ఎన్నుకుంటారు. అదీ మంచిదే, కానీ ఓటు ఒక్కటే సరిపోదని 2022లో ఓటర్లే తేల్చారు: కౌంటీని పాలించే సూపర్‌వైజర్ల బోర్డులో అయిదుగురికి నలుగురు ఒప్పుకుంటే షెరీఫ్‌ను తొలగించవచ్చు. మీరు గెలిచిందీ ఆ ఎన్నికల్లోనే.

కాబట్టి సూటిగా అడుగుతున్నాను. ఒకే గుర్తు పచ్చబొట్లు పొడిపించుకుని ముఠాలు కట్టిన డిప్యూటీల మీద విచారణలు ఎంతవరకు వచ్చాయో స్టేషన్లవారీగా ఏటా ప్రకటించండి. మీ శాఖ మీద కన్నేసి ఉంచే పౌర పర్యవేక్షణ కమిషన్ అడిగిన కాగితాలు కోర్టుకెక్కకుండానే ఇవ్వండి. 1963లో తెరిచిన మెన్స్ సెంట్రల్ జైలును ఎప్పుడు మూస్తారో బోర్డుతో కలిసి తేదీ చెప్పండి.

ఇట్లు,
మీ కౌంటీలో పన్ను కట్టే ఒక తెలుగువాడు