మీ 12 ఎంఎం ప్లేట్లు ఎందుకు పాడయ్యాయంటే

ఈ వానల్లో మా షెడ్డులో ప్లాస్మా కటింగ్ (కరెంటు, కంప్రెసర్ గాలి కలిపి ఇనుప ప్లేట్లు కోయడం) చేయించుకున్నవాళ్లకి ఒక సంగతి చెప్పుకోవాలి. బేస్ ప్లేట్ల అంచులు ఏటవాలుగా ఉన్నాయని, కింద అతుక్కున్న స్లాగు (కరిగి గడ్డకట్టిన ఇనుము) గ్రైండరు పెడితే గానీ ఊడట్లేదని మీలో చాలామంది అన్నారు. "ప్లేటుకి తుప్పుందండీ" అని నేను తప్పించుకున్నాను. తుప్పు కాదు, తప్పు మాదే.

మొదట స్పీడు మీద పడ్డాం. కోసే టార్చి జోరుగా వెళ్తే సన్నగా, గట్టిగా అతుక్కునే స్లాగు వస్తుంది. మరీ నెమ్మదిగా వెళ్తే లావుగా, బుడగలుగా వచ్చి సుత్తి దెబ్బకి రాలిపోతుంది. స్పీడు తగ్గిస్తే స్లాగు మారింది గానీ ఏటవాలు అలాగే ఉంది. టార్చి విప్పి చూస్తే నాజిల్ (మంట బయటికొచ్చే మూతి) రంధ్రం కోడిగుడ్డులా సాగిపోయింది. లోపల ఆర్కు పుట్టే ఎలక్ట్రోడ్ మధ్యలో హాఫ్నియం అనే లోహపు చుక్క 1 ఎంఎం దాటి గుంటపడింది. అంతవరకూ రాకముందే మార్చేయాలి. పైగా అది వేసి నాలుగు రోజులే!

అప్పుడు ఎయిర్ లైను ముందు తెల్ల కాగితం పట్టాను. తడి మచ్చలు, వాటి చుట్టూ నూనె. కంప్రెసర్ ట్యాంకు డ్రెయిన్ తిప్పితే కుళాయి తిప్పినట్టే నీళ్లు. వానాకాలం గాలిలో తేమ ఎక్కువ, నొక్కి చల్లారిస్తే నీరవుతుంది. ఆ తడి గాలే టార్చిలోకి వెళ్లి నాజిల్‌నీ ఎలక్ట్రోడ్‌నీ తినేసింది. రోజూ డ్రెయిన్ తిప్పే కుర్రాడు మానేశాక ఆ పని ఎవరికీ చెప్పలేదు నేను.

ఇప్పుడు పొద్దున, మధ్యాహ్నం డ్రెయిన్ చేస్తున్నాం, ఫిల్టరు మార్చాం, నాజిల్, ఎలక్ట్రోడ్ రెండూ కలిపే మారుస్తున్నాం. ఇదివరకు డబ్బు మిగుల్తుందని నాజిల్ చచ్చేదాకా వాడేవాణ్ణి. ఆ ఖర్చు పెరిగింది కాబట్టి దసరా తర్వాత రేటు కొంచెం పెరుగుతుంది, ముందే చెప్తున్నా.

అన్నీ సరిగ్గా ఉన్నా కట్‌కి ఒక పక్క కాస్త వాలు ఉంటుంది. మా టార్చిలో గాలి సుడి తిరుగుతూ దిగుతుంది కాబట్టి, వెళ్లే దిశకి కుడి అంచు నిటారుగా, ఎడమ అంచు వాలుగా వస్తాయి. అందుకే బయటి గీత గడియారం తిరిగే వైపు, లోపలి రంధ్రాలు ఎదురు వైపు కోస్తాం. వాలు స్క్రాప్‌కే పోతుంది. ప్లేటు మందం కంటే చిన్న రంధ్రాలు మాత్రం ఇకపై డ్రిల్లింగే. పైన దిగిన బోల్టు కింద ఇరుక్కుందని తిట్టినవాళ్లు గుర్తున్నారు.

పాడైన ముక్కలు పట్టుకురండి. మళ్లీ కోసిస్తాం, ప్లేటు మాది, కూలీ లేదు. వెల్డింగ్ చేసేవాళ్లు ఆ అంచుని కొంచెం గ్రైండ్ చేసుకోండి, గాలితో కోసిన అంచుకి నైట్రోజన్ పట్టి వెల్డులో రంధ్రాలు పడతాయి.